దృశ్య–సమీప పరారుణ ఉమ్మడి సెన్సర్ల ముడి చిత్రాల పరిష్కరణ: ఇబ్రహీంపట్నం పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

కంటికి కనిపించే కాంతినీ, కనిపించని సమీప పరారుణ కాంతినీ ఒకే సెన్సర్‌పై ఒకే క్షణంలో నమోదు చేసే కెమెరాలు నేడు వాడుకలో ఉన్నాయి. వాటి నుంచి వచ్చే ముడి చిత్రం నేరుగా చూడదగినది కాదు. దానిని కొన్ని దశలలో పరిష్కరించవలసి ఉంటుంది. ఆ దశల వరుస తప్పితే పచ్చని వరిచేను నీటిమడుగుగా లెక్కకు రావచ్చు. ఆ దశలేమిటో, వాటి వరుస ఎందుకు మారకూడదో, ముడి చిత్రాన్ని ఎందుకు భద్రపరచాలో కృష్ణాతీరంలోని ఇబ్రహీంపట్నం పరిసరాలనూ, తాళపత్రాలనూ ఉదాహరణలుగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయానికీ ఈ సాంకేతిక ప్రక్రియకూ ఉన్న పోలికను కూడా వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సమీప పరారుణ కాంతి, ముడి చిత్రం, సెన్సర్, వృక్షసూచి, తాళపత్రం, పాఠపరిష్కరణ, ఇబ్రహీంపట్నం.

1. ఉపోద్ఘాతం

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఒక్కొక్క రంగు దగ్గర ఉష్ణమాపకం ఉంచి చూశాడు. ఎరుపు రంగు అంచు దాటిన తరువాత, ఏ వెలుగూ కనిపించని చోట కూడా ఉష్ణమాపకం పైకి ఎగబాకింది. పరారుణ కిరణాల ఆవిష్కరణకు అదే నాంది. మనిషి కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని మాత్రమే గుర్తిస్తుంది. ఆ హద్దును ఆనుకొని అవతల ఉన్నది సమీప పరారుణం. కెమెరా సెన్సర్లకు మూలపదార్థమైన సిలికాన్‌కు ఈ హద్దు లేదు. అది దాదాపు 1100 నానోమీటర్ల వరకు కాంతికి స్పందిస్తుంది. మామూలు కెమెరాలో రంగులు కంటికి కనిపించినట్లే రావాలని సెన్సర్ ముందు ఒక ఫిల్టర్ ఉంచి పరారుణ కాంతిని అడ్డుకుంటారు. అంటే ప్రతి కెమెరాకూ ఆ చూపు పుట్టుకతోనే ఉంది. దానికి గంతలు కట్టి వాడుతున్నారు.

ఆ గంతలు విప్పి, రెండు కాంతులనూ కలిపి నమోదు చేసేవే ఉమ్మడి సెన్సర్లు. రాత్రివేళ పరారుణ దీపంతోనూ, పగటివేళ రంగులతోనూ పనిచేయవలసిన నిఘా కెమెరాల కోసం, వాహనం నడిపేవారి కనురెప్పలను గమనించే కెమెరాల కోసం వీటి వాడకం పెరిగింది. పంటల పరిశీలనకూ, పాత రాతప్రతుల చిత్రణకూ ఇవి పనికివస్తాయి. అయితే రెండు కాంతులు ఒకే పిక్సెల్‌లో కలిసిపోవడమే వీటి బలమూ, బలహీనతా. కలిసినదానిని మళ్ళీ విడదీయడంలోనే అసలు పని ఉంది.

2. ఇబ్రహీంపట్నం: ఒకే చోట నాలుగు స్వభావాలు

ఎన్టీఆర్ జిల్లాలో విజయవాడకు పశ్చిమాన, 30వ నంబరు జాతీయ రహదారి 65వ నంబరు రహదారిని కలిసే చోట ఇబ్రహీంపట్నం ఉంది. ఒకవైపు కృష్ణానది. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీరు ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. ఆ చోటును పవిత్ర సంగమం అంటారు. మరోవైపు 1979లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన, నేడు నార్ల తాతారావు పేరు ధరించిన థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని బొగ్గు గుట్టలు, బూడిద చెరువులు. ఇంకొకవైపు కొండపల్లి కొండలు, అడవి, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఊరు. సమీప పరారుణంలో పదార్థాల ప్రవర్తనను వివరించడానికి ఇంతకంటే అనువైన క్షేత్రం దొరకడం కష్టం.

మొదటిది నీరు. తేట నీరు సమీప పరారుణ కాంతిని దాదాపుగా శోషించుకుంటుంది. అందువల్ల ఆ చిత్రంలో నది నల్లగా ఉంటుంది. వరదనీటిలో ఒండ్రు కలిసినప్పుడు ఎరుపు పరావర్తనం బాగా పెరుగుతుంది, పరారుణ పరావర్తనం కూడా కొంత పెరుగుతుంది. కాబట్టి బురదనీరు తేటనీటి అంత నల్లగా రాదు.

రెండవది ఆకు. పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఆహార తయారీకి గ్రహిస్తుంది. ఆకుపచ్చ కాంతిని కొంత వెనక్కు పంపుతుంది. సమీప పరారుణంతో దానికి పని లేదు. ఆకు లోపలి కణాల గోడలకూ, వాటి మధ్య గాలి ఖాళీలకూ తగిలి ఆ కాంతి చెదిరి బయటికి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు పరారుణ చిత్రంలో వెన్నెల పరచినట్లు తెల్లగా కనిపించడానికి కారణమిదే. రాబర్ట్ వుడ్ 1910లో ప్రచురించిన పరారుణ ఛాయాచిత్రాలు ఈ విషయాన్ని లోకానికి చూపాయి.

మూడవది బొగ్గు. కార్బన్ కంటికి ఎంత నల్లనో పరారుణంలోనూ అంతే నల్లన. ఈ గుణం తాళపత్రాల ప్రస్తావనలో మళ్ళీ అవసరపడుతుంది.

నాలుగవది రంగు పూసిన వస్తువు. కొండపల్లి బొమ్మల చిలుక, మామిడికొమ్మపై వాలిన చిలుక, ఆ మామిడి ఆకు కంటికి ఒకే ఆకుపచ్చగా తోచవచ్చు. కాని పూత రంగు పరారుణంలో ఎలా ఉంటుందన్నది ఆ రంగుద్రవ్యంపై ఆధారపడుతుంది. అది ఆకులాగా ఉండాలన్న నియమం లేదు. ఆకుపచ్చ పూతతో దాచిన సైనిక సామగ్రిని నిజమైన చెట్ల నుంచి వేరుచేసి గుర్తించడానికి పరారుణ ఫిల్మును వాడడం వెనుక ఉన్న సూత్రం ఇదే.

ఈ నాలుగింటినీ ఒకే చిత్రంలో, ఏది ఏదో తేల్చగలిగేలా రాబట్టడం ఉమ్మడి సెన్సర్ లక్ష్యం.

3. ముడి చిత్రం స్వరూపం

సిలికాన్‌కు రంగు తెలియదు. తనపై పడిన కాంతి పరిమాణం మాత్రమే తెలుసు. రంగు తెలియాలంటే ఒక్కొక్క పిక్సెల్‌పై ఒక్కొక్క రంగు వడపోత ఉండాలి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ లభించిన అమరికలో, ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలం వడపోతలు ఉంటాయి. నేటి కెమెరాలలో అత్యధికం ఈ అమరికనే అనుసరిస్తున్నాయి.

ఉమ్మడి సెన్సర్‌లో ఈ అమరికను కొద్దిగా మారుస్తారు. ఒక పద్ధతిలో రెండు ఆకుపచ్చ పిక్సెళ్ళలో ఒకదాన్ని పరారుణానికి కేటాయిస్తారు. అప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పరారుణాలకు తలా ఒక పావు వాటా వస్తుంది. మరొక పద్ధతిలో పదహారు పిక్సెళ్ళ గడిలో ఎనిమిది ఆకుపచ్చకూ, నాలుగు పరారుణానికీ, రెండు ఎరుపుకూ, రెండు నీలానికీ చెందుతాయి. వివరాలను కన్ను ఎక్కువగా ఆకుపచ్చ నుంచే గ్రహిస్తుంది కనుక ఈ రెండవ పద్ధతిలో చిత్రం స్పష్టంగా ఉంటుంది. ఎరుపు, నీలాలు పలచబడతాయి.

ఈ అమరికలో ఒక చిక్కు ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలకు వాడే రంజకాలు దృశ్యకాంతిని మాత్రమే విడదీస్తాయి. సుమారు 800 నానోమీటర్లు దాటిన కాంతికి మూడూ దాదాపు పారదర్శకాలే. కనుక ఎరుపు పిక్సెల్ నమోదు చేసేది ఎరుపును కాదు. ఎరుపునూ పరారుణాన్నీ కలిపి. మిగిలిన రెండింటి సంగతీ అంతే. శుద్ధంగా ఉన్నది పరారుణ పిక్సెల్ ఒక్కటే. దాని వడపోత దృశ్యకాంతిని అడ్డుకుంటుంది.

ఈ కలగలుపును అదుపులో ఉంచడానికి కెమెరా ముందు రెండు ద్వారాల ఫిల్టర్ అమరుస్తారు. అది దృశ్యకాంతిని సుమారు 650 నానోమీటర్ల వరకూ, ఆ తరువాత 850 చుట్టూ ఉన్న ఇరుకైన పట్టీనీ మాత్రమే లోపలికి వదులుతుంది. మధ్యలో మూడు రంజకాలు మూడు విధాలుగా ప్రవర్తించే భాగం తొలగిపోతుంది. అందువల్ల మూడు రంగులలోనూ చేరే పరారుణ భాగం ఇంచుమించు సమానమై, తీసివేత సులువవుతుంది.

అయినా మరొక చొరబాటు మిగులుతుంది. ఆకుపచ్చ కాంతి సిలికాన్‌లో ఒకటి రెండు మైక్రోమీటర్ల లోతులోనే చాలావరకు ఇంకిపోతుంది. 850 నానోమీటర్ల కాంతి మాత్రం సగటున 18 మైక్రోమీటర్ల వరకు చొచ్చుకుపోతుంది. అంత లోతున పుట్టిన విద్యుదావేశం కొంత పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. అందుచేత పరారుణ చిత్రం దృశ్యచిత్రం కంటే కొంత మసకగా ఉండడం సహజం. కటకం కూడా పరారుణాన్ని కాస్త వేరైన దూరంలో కేంద్రీకరిస్తుంది. పాత ఛాయాగ్రహణ కటకాలపై పరారుణానికి ప్రత్యేకమైన ఎర్ర గీత ఉండేది ఇందుకే.

4. పరిష్కరణ క్రమం

ముడి చిత్రంలోని సంఖ్యలకు ఒక గొప్ప గుణం ఉంది. కాంతి రెట్టింపయితే, ఆధారస్థాయిని మినహాయించిన సంఖ్య కూడా రెట్టింపవుతుంది. ఈ అనుపాతం చెడనంతవరకే కూడికలకూ తీసివేతలకూ అర్థం ఉంటుంది. పరిష్కరణ దశలన్నీ ఈ గుణాన్ని చివరిదాకా కాపాడేలా వరుసకట్టాలి.

మొదటి దశ, ఆధారస్థాయిని తీసివేయడం. పూర్తి చీకటిలో కూడా సెన్సర్ సున్నాను ఇవ్వదు. ఒక చిన్న సంఖ్యను ఇస్తుంది. కటకానికి మూత పెట్టి తీసిన చిత్రం నుంచి ఈ సంఖ్య తెలుస్తుంది.

రెండవ దశ, చెడిన పిక్సెళ్ళనూ, నిండిపోయిన పిక్సెళ్ళనూ గుర్తించడం. పది బిట్ల సెన్సర్‌లో గరిష్ఠ సంఖ్య 1023. ఒక పిక్సెల్ ఆ సంఖ్యను చూపితే అసలు కాంతి దానికి సమానమో, ఎన్నో రెట్లు ఎక్కువో చెప్పలేము. అటువంటి చోట తీసివేత చేస్తే లేని రంగు పుడుతుంది. ఆ పిక్సెల్‌ను తెలియనిదిగా గుర్తుపెట్టాలి.

మూడవ దశ, వెలుగు సమత. కటకం మధ్యలో కంటే అంచుల్లో కాంతి తగ్గుతుంది. ఈ తగ్గుదల దృశ్యకాంతిలో ఒకలాగా, పరారుణంలో మరొకలాగా ఉంటుంది. సమంగా వెలిగించిన తెల్లని తలాన్ని చిత్రించి, నాలుగు వర్గాలకూ విడివిడిగా సవరణ లెక్కించాలి.

నాలుగవ దశ, ప్రతి పిక్సెల్‌కు లేని విలువలను పూరించడం. పావు వాటాల అమరికలో ప్రతి పిక్సెల్‌కు తెలిసినది నాలుగింటిలో ఒక విలువ మాత్రమే. మిగిలిన మూడు ఇరుగుపొరుగు పిక్సెళ్ళ ఆధారంగా అంచనా వేసినవి. సాధారణ కెమెరాలలో ఆకుపచ్చ చిత్రంలోని అంచులను ఆధారం చేసుకొని మిగిలిన రంగులను పూరిస్తారు. పరారుణానికి ఆ సూత్రం గుడ్డిగా వర్తించదు. కంటికి అంచు ఉన్న చోట పరారుణంలో అంచు లేకపోవచ్చు, లేని చోట ఉండవచ్చు.

ఐదవ దశ, రంగుల నుంచి పరారుణాన్ని తీసివేయడం. ఎంత తీసివేయాలో తెలియడానికి చీకటి గదిలో 850 నానోమీటర్ల దీపం ఒక్కటే వెలిగించి తెల్లని తలాన్ని చిత్రిస్తారు. అప్పుడు ఎరుపు పిక్సెల్‌లో కనిపించేదంతా చొరబడిన పరారుణమే. దానిని పరారుణ పిక్సెల్ విలువతో భాగిస్తే ఎరుపుకు సంబంధించిన గుణకం వస్తుంది. ఆకుపచ్చ, నీలాలకూ ఇదే పద్ధతి.

ఆరవ దశ, తెలుపు సవరణ, రంగుల మాత్రిక. ఏడవది, చివరిది, తెరపై చూడడానికి అనువుగా వెలుగు వంపును దిద్దడం. ఈ చివరి దశలో అనుపాతం కావాలనే చెడగొట్టబడుతుంది. ముదురు భాగాలు కంటికి తెలిసేలా పైకి లేస్తాయి, వెలుగు భాగాలు కుదించుకుంటాయి. జేపెగ్ చిత్రం ఈ మార్పు జరిగిన తరువాత, కొంత సమాచారాన్ని వదులుకొని తయారైనది.

5. ఒకే వరిచేను, మూడు తీర్పులు

వరుస ఎందుకు మారకూడదో ఒక లెక్క స్పష్టం చేస్తుంది. కింది సంఖ్యలు వివరణ కోసం ఎంచుకొన్న ఊహాసంఖ్యలు. ఎండలో ఉన్న వరి ఆకుపై ఎరుపు పిక్సెల్ 264, ఆకుపచ్చ 304, నీలం 244, పరారుణం 244 చూపాయనుకొందాం. ఆధారస్థాయి 64. దానిని తీసివేస్తే వరుసగా 200, 240, 180, 180 మిగులుతాయి. ఈ స్థితిలో రంగు చూస్తే అది వరి పచ్చదనం కాదు; వెలిసిపోయిన బూడిద రంగు. ఎరుపు గుణకం 0.9, ఆకుపచ్చ గుణకం 0.8, నీలం గుణకం 0.9 అయితే, పరారుణ భాగాన్ని తీసివేసిన తరువాత ఎరుపు 38, ఆకుపచ్చ 96, నీలం 18 అవుతాయి. ఇప్పుడు అది నిస్సందేహంగా ఆకుపచ్చ.

పంట ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి 1970ల నుంచి వాడుకలో ఉన్న వృక్షసూచి లెక్క సులువైనది. పరారుణం నుంచి ఎరుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. దట్టమైన పైరుకు ఇది ఒకటికి దగ్గరగా, బీడు నేలకు సున్నాకు కొంచెం పైన, నీటికి సాధారణంగా సున్నాకు దిగువన ఉంటుంది. పై చేనుకు సరైన వరుసలో లెక్కిస్తే 142ను 218తో భాగించగా 0.65 వస్తుంది. అది మంచి పైరే.

తీసివేత చేయకుండా 200, 180 సంఖ్యలతోనే లెక్కిస్తే సూచి సున్నాకు దిగువన 0.05కు పడిపోతుంది. కళకళలాడే చేను నీటిమడుగుల జాబితాలో చేరుతుంది.

మూడవ మార్గం మరింత మోసకరమైనది. ముందుగా వెలుగు వంపును దిద్ది, ఆ తరువాత తీసివేత చేశారనుకొందాం. ఆ దిద్దుబాటు ఇంచుమించు వర్గమూలం తీసినట్లు పనిచేస్తుంది. 200కు వర్గమూలం 14.14, 180కి 13.42. మొదటిదాని నుంచి రెండవదానిలో 0.9 వంతు తీసివేస్తే 2.07 మిగులుతుంది. దానిని మళ్ళీ వర్గం చేస్తే సుమారు 4. రావలసినది 38. ఈ 4తో సూచి లెక్కిస్తే 0.96 వస్తుంది. చీడ పట్టిన చేను కూడా అద్భుతమైన పైరుగా కనిపించడానికి ఇది చాలు. పైగా ఇటువంటి చిత్రం కంటికి చక్కగానే ఉంటుంది కనుక తప్పు ఎవరికీ అనుమానం రాదు.

సరైన వరుసలో వచ్చిన 0.65ను కూడా అంతిమ సత్యంగా తీసుకోరాదు. ఎండ తీరు మారితే, సెన్సర్ స్పందన మారితే సంఖ్య మారుతుంది. పరావర్తనం ముందే తెలిసిన ఒక పలకను అదే వెలుగులో చిత్రించి, ఎరుపు, పరారుణాలను దానితో సరిచూడాలి. అప్పుడే ఒక రోజు చిత్రాన్ని మరొక రోజు చిత్రంతో పోల్చవచ్చు. భూపరిశీలన ఉపగ్రహాలు ఇటువంటి సవరణలతోనే పనిచేస్తాయి. 1988లో ప్రయోగించిన ఐఆర్ఎస్–1ఏ నాటి నుంచి భారత ఉపగ్రహాలు ఎరుపునూ సమీప పరారుణాన్నీ విడివిడి పట్టీలలో నమోదు చేస్తున్నాయి. అక్కడ రెండూ పుట్టుకతోనే వేరు. ఉమ్మడి సెన్సర్‌లో ఆ వేరుచేత లెక్కపై ఆధారపడి ఉంది. తేడా ఇంతే, కాని చాలా పెద్దది.

తీసివేతకు మూల్యం కూడా ఉంది. కాంతి కణాలుగా చేరుతుంది కనుక ప్రతి కొలతలోనూ కొంత అలజడి తప్పదు. దాని పరిమాణం సుమారుగా కణాల సంఖ్యకు వర్గమూలం. ఒక్కొక్క సంఖ్యను ఒక్కొక్క కణంగా భావిస్తే, పై లెక్కలో మిగిలిన ఎరుపు 38 అయినా అందులో ఉండే అలజడి 38కి చెందినది కాదు. అది 200కూ, తీసివేసిన భాగానికీ కలిపి చెందినది. లెక్కిస్తే సుమారు 18.6. అంటే కొలతలో సగం మేర అనిశ్చితి. పరారుణం చొరబడని కెమెరాలో అదే 38కి అలజడి ఆరు మాత్రమే. వంద పిక్సెళ్ళ సగటు తీస్తే ఇది పదోవంతుకు తగ్గుతుంది. అందువల్ల చేను స్థాయిలో ఉమ్మడి సెన్సర్ నమ్మదగినదే. ఒక్క ఆకు స్థాయిలో దానిపై తీర్పు చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం.

ప్రకాశం బ్యారేజీ దిగువన డెల్టా మాగాణిలో ఈ జాగ్రత్తకు ప్రాణప్రదమైన విలువ ఉంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు, కృష్ణ కలిసి ముంచెత్తినప్పుడు చేలు నీటి కింద ఉన్నాయి. నీరు తీసిన తరువాత ఆకులపై ఒండ్రు మిగులుతుంది. మునిగిన పైరు పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది. ఒండ్రు పట్టిన ఆకు ఎరుపును ఎక్కువగా వెనక్కు పంపుతుంది. రెండు సందర్భాలలోనూ సూచి తగ్గుతుంది, కాని రెండింటి అర్థం ఒకటి కాదు. ఒకటి కుళ్ళిపోబోయే చేను కావచ్చు, మరొకటి ఒక వానకు కడిగేసుకొని నిలబడే చేను కావచ్చు. గాలిలో ఎగిరే కెమెరా ఇచ్చిన సంఖ్యే పంట నష్టానికి ఆధారమయ్యే పక్షంలో, ఆ సంఖ్య ఏ దశలు దాటి వచ్చిందో అడిగే హక్కు ఆ చేను దున్నిన రైతుకూ, కౌలురైతుకూ ఉండాలి. ముడి చిత్రం మిగిలి ఉంటేనే ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది.

6. తాళపత్రం: మసికి దక్కిన మేలు

తెలుగు సాహిత్య పరిశోధనకు ఈ సాంకేతికత సూటిగా అందించగల సాయం తాళపత్రాల విషయంలో ఉంది. ఆకుపై గంటంతో గీసి, గీతల్లో మసి పట్టించి, పైన తుడవడం మన లేఖన పద్ధతి. మసి కార్బన్. ఇబ్రహీంపట్నం బొగ్గు గుట్టకున్న గుణమే దానికీ ఉంది. అది పరారుణంలోనూ నల్లగా నిలుస్తుంది. కాలక్రమంలో ముదురు గోధుమరంగుకు మారిన ఆకు మాత్రం పరారుణంలో తేలికపడుతుంది. కంటికి ఆకూ అక్షరమూ ఒకే ముదురు రంగులో కలిసిపోయిన చోట, పరారుణ చిత్రంలో అక్షరం లేచి కనిపిస్తుంది.

ఇది ఊహ కాదు. ఉడుపిలోని పలిమారు మఠానికి చెందిన సర్వమూల గ్రంథాల తాళపత్రాలను అమెరికాలోని రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పి. ఆర్. ముకుంద్, రోజర్ ఈస్టన్ ప్రభృతులు పరారుణ ఫిల్టర్‌తో చిత్రించి, 2006లో ఆ ఫలితాలను ప్రకటించారు. ఆ ఆకులు సుమారు 26 అంగుళాల పొడవు. ఒక్కొక్క ఆకును ముక్కలు ముక్కలుగా చిత్రించి, తరువాత జోడించారు. ఈస్టన్ అంతకుముందు ఆర్కిమెడిస్ రాతప్రతి చిత్రణలో కూడా పనిచేసినవాడు.

ఇందులో హద్దులూ ఉన్నాయి. మసి పూర్తిగా రాలిపోయి గంటపు గాడి మాత్రమే మిగిలిన చోట పరారుణం సాయపడదు; పక్కనుంచి వాలుగా వేసిన వెలుగులో గాడి నీడలే దారి చూపాలి. మంటకు నల్లబడిన ఆకు తానే బొగ్గు కనుక అక్షరానికీ దానికీ తేడా తగ్గుతుంది. కాగితంపై ఇనుప లవణంతో చేసిన సిరా పరారుణంలో వెలిసిపోతుంది. అందువల్ల తాళపత్రానికి మేలు చేసిన పద్ధతి కాగితపు ప్రతికి కీడు చేయవచ్చు.

ఉమ్మడి సెన్సర్‌కు ఇక్కడ ఒక సౌలభ్యం, ఒక లోపం ఉన్నాయి. రంగు చిత్రమూ పరారుణ చిత్రమూ ఒకే క్షణంలో రావడం వల్ల రెండింటినీ ఒకదానిపై ఒకటి సరిపోల్చే శ్రమ తగ్గుతుంది. పెళుసైన ఆకును పదేపదే కదిలించవలసిన పని ఉండదు. కాని పరారుణానికి దక్కేది పావు వాటా పిక్సెళ్ళే. అడ్డంగా 4000 పిక్సెళ్ళున్న సెన్సర్‌తో 26 అంగుళాల ఆకును ఒకేసారి చిత్రిస్తే మిల్లీమీటరుకు ఆరు పిక్సెళ్ళు వస్తాయి. వాటిలో పరారుణానికి చెందినవి మూడే. గంటపు గీతల సన్నదనానికి అది చాలదు. ఆకును ముక్కలుగా చిత్రించడం తప్పనిసరి. వెలుగు విషయంలోనూ శ్రద్ధ కావాలి. నేటి ఎల్ఈడీ ట్యూబు దీపాలలో పరారుణం దాదాపు ఉండదు. వాటి వెలుగులో పరారుణ చిత్రం చీకటిగా వస్తుంది. 850 నానోమీటర్ల దీపాన్ని విడిగా అమర్చుకోవాలి.

7. పాఠపరిష్కరణతో పోలిక

ఈ ప్రక్రియ తెలుగు పండితులకు కొత్త కాదు. పరికరం మాత్రమే కొత్తది. మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, పండితుల చేత సరిపోల్పించి, పాఠాంతరాలు గుర్తింపజేసి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ప్రతి ఒక్కటీ గ్రంథకర్త మాటనూ, లేఖకుని చేతినీ కలిపి మోస్తుంది. ఎరుపు పిక్సెల్ ఎరుపునూ పరారుణాన్నీ కలిపి మోసినట్లే. లేఖకుని అలవాటు తెలిసిన పరిష్కర్త దానిని మినహాయించి కవి పాఠాన్ని చేరుకోజూస్తాడు. చీకటి గదిలో 850 దీపంతో గుణకం కనుగొనడం, ఆ లేఖకుని అలవాటును వేరుగా తెలుసుకోవడం వంటిది.

పోలిక ఇంకా ముందుకు సాగుతుంది. పురుగు తిన్న చోట మంచి పరిష్కర్త చుక్కలు పెడతాడు. తన మాట చేర్చడు. నిండిపోయిన పిక్సెల్‌ను తెలియనిదిగా గుర్తించడం అదే నిజాయితీ. చుట్టుపక్కల విలువలతో పూరించే దశను గణితంలో అంతర్వేశనం అంటారు. సాహిత్యంలో దానికి దగ్గరి మాట ప్రక్షిప్తం. పావు వాటాల అమరికలో తెరపై కనిపించే విలువలలో నాలుగింట మూడు వంతులు ప్రక్షిప్తాలే. అవి పనికిరానివని కాదు. ఏది మూలమో, ఏది చేర్పో తెలియాలన్నదే ఇక్కడి నియమం.

అన్నింటికంటే ముఖ్యమైనది, శుద్ధప్రతి తయారైందని మాతృకను ఎవరూ పారవేయరు. రేపు మరొక పరిష్కర్త మరింత మెరుగైన ఆధారంతో వచ్చి, పాత నిర్ణయాన్ని మార్చవచ్చు. జేపెగ్ మాత్రమే దాచుకోవడమంటే అచ్చుప్రతి ఉంచుకొని తాళపత్రాన్ని వదిలేయడమే. అందులో పరారుణ భాగం తీసివేతకు లొంగని రీతిలో కలిసిపోయి ఉంటుంది.

నిల్వ భారం అన్నది ఇందుకు సమాధానం కాజాలదు. 1.2 కోట్ల పిక్సెళ్ళు, పది బిట్లు అయితే ఒక ముడి చిత్రం కుదించకుండానే 15 మెగాబైట్లు. వంద ఆకుల గ్రంథాన్ని రెండు వైపులా, ఆకు వైపుకు పది ముక్కలుగా చిత్రిస్తే రెండు వేల చిత్రాలు, 30 గిగాబైట్లు. అరచేతిలో ఇమిడే పరికరంలో అటువంటి గ్రంథాలు ముప్ఫైకి పైగా పడతాయి. శిథిలమవుతున్న ఆకును మళ్ళీ చిత్రించే అవకాశం మాత్రం ప్రతిసారీ దొరకదు.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఉమ్మడి సెన్సర్ ముడి చిత్రంలో ఏ రంగూ శుద్ధమైనది కాదు. ప్రతి రంగులోనూ పరారుణ భాగం కలిసి ఉంటుంది. దానిని ప్రయోగపూర్వకంగా కనుగొన్న గుణకంతో తీసివేయాలి.

2. తీసివేతకు ముందు ఆధారస్థాయి సవరణ తప్పనిసరి. వెలుగు వంపు దిద్దుబాటు అన్నింటికంటే చివర రావాలి. వరుస మారితే ఒకే చేను నీరుగానో, అతి దట్టమైన పైరుగానో లెక్కకు రావచ్చు.

3. తీసివేత అలజడిని పెంచుతుంది. నిండిపోయిన పిక్సెళ్ళనూ, పూరించిన విలువలనూ గుర్తించగల ఆధారం చిత్రంతో పాటు ఉండాలి.

4. తాళపత్రాలలో మసి అక్షరాలకు సమీప పరారుణం మేలు చేస్తుంది; రాలిన మసికీ, కాలిన ఆకుకూ, ఇనుప లవణపు సిరాకూ అది మందు కాదు.

5. చిత్రంతో పాటు ఆధారస్థాయి, గుణకాలు, దీపం, కటకం, తేదీ నమోదు చేసి, ముడి చిత్రాన్ని మాతృకగా భద్రపరచాలి. పంట నష్టం లెక్కకైనా, గ్రంథ పాఠ నిర్ణయానికైనా తిరిగి విచారించే అవకాశం అప్పుడే మిగులుతుంది.

తాళపత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చే పనిలో తెలుగు శాఖలు, ప్రాచ్యలిఖిత గ్రంథాలయాలు పాలుపంచుకొనే సందర్భాలలో, చిత్రం ఎంత అందంగా వచ్చిందన్న ప్రశ్న కంటే ముందు ముడి ప్రతి ఎక్కడ ఉందన్న ప్రశ్న వేయడం అవసరం.